వీరగల్లు ఎక్కని వీరులు

మా కడప సీమలో పొలం గట్ల మీదా, ఊరి బయట వేపచెట్ల కిందా వీరగల్లులు కనిపిస్తాయి. రాతిమీద ఒక మనిషి కత్తో విల్లో పట్టుకుని నిలబడి ఉంటాడు. కొన్నిటి మీద పక్కనే ఆవులు చెక్కి ఉంటాయి. ఊరి మందను దొంగలు తోలుకుపోతుంటే అడ్డంపడి చచ్చిపోయినవాడికి, ఊరిని కాపాడబోయి ప్రాణం పోగొట్టుకున్నవాడికి నిలబెట్టిన రాళ్ళు అవి. చాలావాటి మీద అక్షరం కూడా ఉండదు, బొమ్మ ఒక్కటే. ఆ మనిషి ఎవరో తెలియకపోయినా ఆ దారిన పోయేవాళ్ళు ఇప్పటికీ పసుపు రాసి బొట్టు పెట్టి పోతుంటారు.

మా వల్లూరు కూడా రాళ్ళకూ రాతలకూ పేద ఊరు కాదు. ఒకప్పుడు మహారాజవాడి అనే సీమకు ఇది రాజధాని అని చరిత్రకారులు చెబుతారు. పెన్న ఒడ్డున పుష్పగిరి గుళ్ళున్నాయి. ఎర్రగుంట్ల దగ్గరి కలమళ్ళలో క్రీ.శ. 575 ప్రాంతానికి చెందిన రేనాటి చోళుల శాసనం ఉంది. తెలుగులో దొరికిన తొలి శాసనం అదేనని మనం బడిలో చదువుకున్నాం. ఇన్ని రాళ్ళున్న సీమలో ఒక యానాదికో ఎరుకలకో రాయి నిలబెట్టినట్టు మేం ఎక్కడా చూడలేదు. ఉందేమో, అక్షరం లేని ఆ బొమ్మల్లో మావాడు కూడా ఒకడున్నాడేమో. ఎవరు చెప్పగలరు?

మేమంటే వల్లూరు చుట్టుపక్కల యానాది, ఎరుకల కాలనీల్లో పుట్టి, హాస్టళ్ళలో అన్నం తిని చదువుకున్న ఏడెనిమిది మందిమి. కొందరం ప్రొద్దుటూరులో బట్టల కొట్లలో పనిచేస్తున్నాం, ఒకరిద్దరం బడుల్లో పాఠాలు చెబుతున్నాం, మిగతావాళ్ళం ఏ పని దొరికితే ఆ పని. ఆగస్టు 9 వస్తే ప్రపంచ ఆదివాసీ దినోత్సవానికి పోతాం. ఐక్యరాజ్యసమితి 1994లో ప్రకటించిన రోజు అది. వేదిక మీద బిర్సా ముండా పటం, కొమరం భీం పటం పెడతారు. వాళ్ళకు దండం పెట్టడానికి మాకు ఏ అభ్యంతరమూ లేదు. భీం 1940లో జోడేఘాట్‌లో ప్రాణం ఇచ్చింది మనందరి కోసమే. అయితే సభ అయిపోయి ఆటోలో తిరిగొస్తుంటే ఆరో తరగతి పిల్ల ఒకతె అడిగింది: "అన్నా, మన కడపోళ్ళలో ఎవురూ లేరా?"

ఆ ప్రశ్న చిన్నది కాదు. మైదానంలో బతికే గిరిజనులం మేము. మాకు మా పేరు పెట్టుకున్న కొండ లేదు, మాదని చెప్పుకునే అడవి లేదు, పుస్తకంలోకెక్కిన తిరుగుబాటు లేదు. మాకున్నది వాగు గట్టు, ఊరి చివరి పోరంబోకు, రైతు పొలంలో ఎలుక బొక్కలు. ఆ పిల్లకు ఏ పేరు చెప్పాలి?

మేం చెప్పకపోతే ఆ పేరు చెప్పడానికి సినిమా సిద్ధంగా ఉంది. ఎరుకల పిల్లలు తెరమీద తమ కులాన్ని చూసుకోవాలంటే స్టువర్టుపురం కథలే దిక్కు. చిరంజీవి సినిమా 1991లో వచ్చింది, 'టైగర్ నాగేశ్వరరావు' 2023లో వచ్చింది. రెండో దాంట్లో దొంగే నాయకుడు. పిల్లలు ఈలలు వేస్తారు, మరుసటిరోజు బడిలో పక్కవాడు అదే పేరుతో వెక్కిరిస్తాడు. 1871లో తెల్లవాళ్ళు నేరస్థ జాతుల చట్టం తెచ్చారు. తర్వాత అది మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది, అప్పట్లో మన కడప ఆ రాష్ట్రంలోదే. ఒక కులంలో పుట్టడమే నేరమని రాసుకుని, వేలిముద్రలు తీసుకుని, పోలీసు స్టేషనులో హాజరు వేయించుకున్న చట్టం అది. స్వాతంత్ర్యం వచ్చిన అయిదేళ్ళకు, 1952లో గానీ దేశమంతటా పూర్తిగా పోలేదు. దాన్ని పోగొట్టడానికి పోరాడినవాళ్ళలో నెల్లూరు సీమ వెన్నెలకంటి రాఘవయ్యగారు ఒకరు. ఆయన మా కులంవాడు కాదు, అయినా యానాదుల కోసం జీవితం పెట్టారు. 1973లో పద్మభూషణ్ ఇచ్చారు. ఉపాధ్యాయులు ఆ పేరు పిల్లలకు ఒక్కసారైనా చెప్పండి. స్టువర్టుపురంలో పనిచేసిన హేమలతా లవణం గారి పేరు కూడా. ఆమె జాషువా కవి కూతురు.

చట్టం పోయింది గానీ మాట పోలేదు. ఊళ్ళో ఏదైనా పోతే ముందు మా కాలనీ వైపే చూస్తారు. అందుకని ఆ పిల్ల ప్రశ్నకు జవాబు వెతకడం మాకు పొద్దుపోని పని కాదు.

మేం ఒక పని చేశాం. సాయంత్రాలు కాలనీల్లో కూర్చుని ఒక్కటే అడిగాం: "కష్టం వచ్చినప్పుడు నువ్వు ముందుగా ఎవరింటికి పరిగెత్తినావు?" నాయకుడెవరు, గొప్పవాడెవరు అని అడగలేదు. అట్లా అడిగితే అందరూ ఎమ్మెల్యే పేరే చెబుతారు. పరిగెత్తింది ఎవరింటికి అని అడిగేసరికి వేరే మనుషులు బయటికొచ్చారు. కాన్పు నొప్పులొస్తే అర్ధరాత్రి ఆటో తీసే ఒకాయన ఉన్నాడు, డబ్బులు తరువాత అడుగుతాడు, కొన్నిసార్లు అడగనే అడగడు. తల్లిదండ్రులు వలస పోతే వాళ్ళ పిల్లల్ని తన గుడిసెలో పడుకోబెట్టుకుని పొద్దున్నే బడికి తరిమే ఒక అవ్వ ఉంది. ఆమెకు చదువు రాదు, బడి గంట ఎప్పుడు కొడతారో మాత్రం హెడ్మాస్టరు కంటే బాగా తెలుసు. ఇట్లా చాలామంది. అందరి గురించీ రాయడానికి ఈ పుస్తకం చాలదు. ఇద్దరి గురించి రాస్తాం.

మొదటివాడు పాముల మామ. కాలనీలో అందరికీ మామే, చివరికి ఆయన సొంత కోడళ్ళకు కూడా. ఎలుకల బొక్కకు పొగకుండ పెట్టి ఊదడం ఆయన అసలు పని. పొగకు ఎలుకలు బయటికొస్తాయి, బొక్క తవ్వితే అవి దాచిన గింజలు దొరుకుతాయి. రైతుకు పంట దక్కుతుంది, మాకు గింజలూ కూరా దక్కుతాయి. ఎలుక ఉన్నచోటికి పాము వస్తుంది కాబట్టి ఎలుకల పని చేసేవాడికి పాము సంగతి తెలియక తప్పదు. శెనక్కాయల కుప్పలో రక్తపింజరి చేరినా, అరటితోటలో నాగుపాము కనిపించినా, వంటింట్లో కట్లపాము దూరినా ఫోను మామకే వస్తుంది. రాత్రి రెండు గంటలకైనా సరే. పాము వెళ్ళిన జాడ మట్టిలో చూసి అది ఏ పామో, ఎంత లావుందో చెబుతాడు. వాసన కూడా పట్టగలనంటాడు. అది నిజమో మమ్మల్ని ఆటపట్టించడమో మాకింకా తేలలేదు.

ఈ పనికి ఆయనకు ముట్టేది యాభయ్యో వందో. కొన్ని ఇళ్ళలో గ్లాసు టీ. ఆ గ్లాసు కడిగి బోర్లించిపోవాల్సింది ఆయనే. పామును పట్టుకున్నంతసేపూ 'నాయనా, మామా' అంటారు, సంచి మూతి కట్టేశాక 'ఒరే యానాదోడా, దూరంగా వదిలెయ్ పో' అంటారు. ఇదే మాకు కడుపుమంట. డాక్టరు చేస్తే వైద్యం, ఇంజనీరు చేస్తే విద్య, మామ చేస్తే 'వాళ్ళ కులం పని'. పుట్టుకతోనే వస్తుందట! మా ఏడెనిమిది మందిలో ఒక్కరికీ రాలేదే మరి? మామ వాళ్ళ నాయన వెంట చిన్నప్పటి నుంచీ తిరిగి, చూసి, ఒకసారి కరిపించుకుని నేర్చుకున్నాడు. ఆయన కుడిచేతి చూపుడువేలు ఇప్పటికీ మడవలేడు.

మామ దగ్గర మేం గౌరవించేది పాము పట్టే ధైర్యం ఒక్కటే కాదు. వాళ్ళ నాయన పసరు వైద్యం చేసేవాడు. మామ మానేశాడు. ఎందుకు మానేశావని అడిగితే ఆయన చెప్పిన మాట ఏ డాక్టరూ మాకు అంత తేటగా చెప్పలేదు: "మా నాయన పసరుతో బతికినోళ్ళు శానామంది ఉండారబ్బీ. కానీ వాళ్ళల్లో సగంమంది జెర్రిపోతు కరిచినోళ్ళు. కొందరికి నాగుపాము కరిచినా ఇసం దిగలా. నిజంగా ఇసం దిగినోళ్ళు యాడ బతికినారు? మా నాయన వాళ్ళ పేర్లు చెప్పడు, తలకాయ దించుకుంటాడు." ఇప్పుడు ఎవరికైనా కరిస్తే మామ ముందు 108కు ఫోన్ చేయిస్తాడు. కరిచిన చేయి, కాలు కదలకుండా పెట్టిస్తాడు. ఉంగరాలు, మెట్టెలు, కాలి కడియాలు తీయిస్తాడు, వాపు వస్తే అవి బిగుసుకుంటాయని. తాడు బిగించి కట్టనీయడు, బ్లేడుతో కోయనీయడు. నేరుగా ప్రభుత్వాసుపత్రికి, అక్కడ విషానికి విరుగుడు ఇంజెక్షన్ ఉంటుంది. కట్లపాము గురించి ఆయన ప్రత్యేకంగా చెబుతాడు: నేలమీద పడుకున్నవాళ్ళను రాత్రిపూట కరుస్తుంది, నొప్పి పెద్దగా ఉండదు, గాటు కూడా కనపడదు. తెల్లారేసరికి కడుపునొప్పి, రెప్పలు వాలిపోవడం మొదలవుతుంది. "తాగినోడి మాదిరి కండ్లు మూతలు పడతాంటే తాగినాడని ఇడిసిపెట్టగాకండి" అంటాడు. 2000 నుంచి 2019 దాకా ఇరవై ఏళ్ళలో మన దేశంలో పాముకాటుతో దాదాపు 12 లక్షలమంది చనిపోయారని పరిశోధకులు అంచనా కట్టారు. ఎక్కువమంది పల్లెల్లోవాళ్ళే. మా పల్లెల్లో ఆ లెక్క పెరగకుండా కాపలా కాస్తున్నవాడు ఈ మనిషి.

మామలాంటివాళ్ళకు విలువ కట్టడం కుదరదని అనేవాళ్ళకు పక్కనున్న తమిళనాడు చూపించాలి. అక్కడి ఇరులవాళ్ళు మన యానాదుల మాదిరే, ఎలుకలు పట్టేవాళ్ళు, పాములు పట్టేవాళ్ళు. 1972లో వన్యప్రాణుల చట్టం వచ్చి పాముతోళ్ళ వ్యాపారం ఆగిపోయేసరికి వాళ్ళకు కూడు పోయింది. 1978లో రోములస్ విటేకర్ అనే ఆయన తోడ్పాటుతో చెన్నై దగ్గర వడనెమ్మేలిలో ఇరులవాళ్ళు సహకార సంఘం పెట్టుకున్నారు. అనుమతితో పాములు పట్టి, విషం తీసి, మళ్ళీ వదిలేస్తారు. దేశంలో విరుగుడు మందు తయారీకి కావలసిన విషంలో అధికభాగం చాలాకాలంగా ఆ సంఘం నుంచే పోతోంది. అంటే కడప ఆసుపత్రిలో మనవాడికి ఎక్కించే మందు వెనకాల ఒక ఇరుల మనిషి చేయి ఉండొచ్చు. ఆ ఇరులవాళ్ళలో వడివేల్ గోపాల్, మాసి సడయన్ అనే ఇద్దరిని 2017లో అమెరికాకు పిలిపించుకున్నారు. ఫ్లోరిడాలో కొండచిలువలు విపరీతంగా పెరిగిపోయి అక్కడి జంతువుల్ని మింగేస్తుంటే అక్కడివాళ్ళకు పట్టడం చేతకాలేదు. వీళ్ళిద్దరూ పోయి రెండు వారాలు తిరగకముందే 13 కొండచిలువల్ని పట్టి చూపించారు. 2023లో ఇద్దరికీ పద్మశ్రీ వచ్చింది. వాళ్ళ పని మామ పని కంటే వేరేది కాదు. వాళ్ళకు ఒక సంఘం ఉంది, ఆదాయం ఉంది, పిలిచేవాడు పేరుపెట్టి పిలిచాడు. తేడా అంతా అక్కడే.

ఇక్కడ యువకులకు ఒక మాట. మామను చూసి ఉత్సాహపడి పాము పట్టి సెల్‌ఫోన్‌లో వీడియో తీసుకోవద్దు. చట్టం ప్రకారం అటవీశాఖ అనుమతి లేకుండా పాముల్ని పట్టడం, దగ్గర పెట్టుకోవడం నేరం, చంపడమూ నేరమే. చట్టం సంగతి అట్లుంచినా, ఆ మడవలేని వేలును ఒకసారి చూడండి.

రెండో మనిషి కాగితాల అక్క. ఆమె పేరు రాద్దామనుకున్నాం. ఆమే వద్దంది. "నా పేరు రాసినారంటే రేపు ఆఫీసులో నన్ను లోపలికి రానీరు. నా పేరు కంటే పిల్లోళ్ళ కాగితం ముఖ్యం గదా" అంది. మామ కూడా వద్దన్నాడు, ఆయన కారణం ఇంకోటి: పేరు పేపర్లో పడితే అటవీశాఖవాళ్ళు వస్తారని భయం. గౌరవించడానికి కూర్చుంటే పేరు రాయడమే వాళ్ళకు హాని అయ్యేట్టుంది మా బతుకు. అందుకే ఈ వ్యాసంలో వాళ్ళిద్దరూ మామ, అక్క, అంతే.

అక్క ఎనిమిదో తరగతి దాకా చదివింది. కూలికి పోతుంది. కూలి లేని రోజు కాగితాల పనికి పోతుంది. అది ఎవరూ ఇచ్చిన ఉద్యోగం కాదు. ఎస్టీ సర్టిఫికెట్ లేక ఒక పిల్లవాడికి గురుకులం సీటు తప్పిపోయినప్పుడు మొదలుపెట్టింది. ఆ పిల్లవాడు ఆమె అన్న కొడుకు. ఇప్పుడు బాతులు మేపుకుంటూ ఊరూరు తిరుగుతున్నాడు. సర్టిఫికెట్ కావాలంటే తండ్రి కాగితం అడుగుతారు, తండ్రికి కాగితమే లేదు. పుట్టినరోజు అడుగుతారు. గుడిసెలో పుట్టిన పిల్లకు పుట్టినరోజు ఎవరు రాసిపెట్టారు? 'జొన్న కోతలప్పుడు' అని తల్లి చెబుతుంది. కంప్యూటరులో జొన్న కోతలు పడవు. ఆధార్‌లో ఒక పేరు, బడి రిజిస్టరులో ఇంకో పేరు, రేషను కార్డులో మూడో పేరు. ఇవన్నీ ఒకటి చేయాలంటే ఎన్నిసార్లు తిరగాలో తిరిగినవాళ్ళకే తెలుసు. తిరిగిన ప్రతిరోజూ ఒక రోజు కూలి పోయినట్టే.

అక్క దగ్గర ఒక పాత స్కూలు సంచి ఉంటుంది. ప్లాస్టిక్ కవర్లలో కాలనీవాళ్ళ కాగితాలన్నీ కుటుంబానికొకటి చొప్పున పెట్టుకుంది. వానాకాలంలో తన గుడిసె కారితే మొదట ఆ సంచినే ఎత్తుతుంది. ఒక ఆఫీసులో ఒకాయన ఆమెను పట్టుకుని "నువ్వు బ్రోకరువా?" అన్నాడు. ఆమె ఊరికే ఉండక, "బ్రోకరైతే మీకింత, నాకింత అని మాట్లాడుకునేదాన్ని గదా సార్, ఇట్లా ఎండలో ఎందుకు నిలబడతా?" అంది. ఆ మాటతో పని ఇంకో వారం ఆలస్యమైంది. అయినా ఆ మాట కాలనీలో పాటలాగా తిరుగుతోంది.

ఉపాధ్యాయులకు అక్క తరఫున ఒక సంగతి చెప్పాలి. 2023లో జనన మరణాల నమోదు చట్టాన్ని మార్చారు. ఆ ఏడాది అక్టోబరు 1 తరువాత పుట్టిన పిల్లలకు బడిలో చేరడం మొదలు చాలా పనులకు జనన ధ్రువపత్రమే ఆధారం. ఈ పిల్లలు ఇంకొన్నేళ్ళలో మీ బడి గడప తొక్కుతారు. కాలనీలో కాన్పయితే ఇరవై ఒక్క రోజుల లోపల నమోదు చేయిస్తే తిరుగుడు ఉండదు. దాటితే ఆలస్యానికి వేరే కాగితాలు. ఒక్క అక్క ఎన్ని గుడిసెలకని తిరుగుతుంది? ఊరి టీచరు నెలకొకసారి కాలనీకి వచ్చి 'ఎవరింట్లో కాన్పయింది' అని అడిగినా ఆమె భారం సగం దిగుతుంది.

ఇట్లాంటివాళ్ళను ఎట్లా గౌరవించాలి అని మాలో మాకు గొడవే జరిగింది. ఒకరు శాలువా, జ్ఞాపిక అన్నారు. మా పెద్దాయన ఒకరు దానికి ఒప్పుకోలేదు. "మీరు వాళ్ళను వీరులు, వీరులు అని పొగిడితే ఆఫీసులకు సుఖం. రోడ్డు వేయాల్సినోడు వేయడు, కాగితం ఇయ్యాల్సినోడు ఇయ్యడు, మీ కాలనీలో వీరులు ఉండారు గదా అంటాడు" అన్నాడు. ఆ మాటలో నిజం ఉంది. అక్క వీరురాలు కావాల్సి వచ్చింది ఎందుకంటే ఒక పిల్లకు చట్టప్రకారం రావలసిన కాగితం రాలేదు కాబట్టి. ఆ సంగతి దాచి ఆమెకు శాలువా కప్పితే అది ఆమెను కప్పెట్టడమే. అయితే ఆఫీసులు బాగుపడేదాకా ఆమెను గుర్తించకుండా కూర్చోవడం కూడా మాకు నచ్చలేదు. బాగుపడేలోపల ఆమె ముసలిదవుతుంది.

చివరికి మేం శాలువాలు కొనలేదు. అక్కకు బస్సు చార్జీలకు, జిరాక్సులకు కాలనీలో ఇంటికి ఇరవై రూపాయలు నెలనెలా పోగుచేస్తున్నాం. ఆమె మొదట తీసుకోలేదు, లెక్క రాస్తేనే తీసుకుంటానంది, ఇప్పుడు తనే లెక్క రాస్తోంది. ఇంటర్ చదివే ఇద్దరు ఆడపిల్లలు సెలవుల్లో ఆమె వెంట ఆఫీసుకు పోతున్నారు. మామకు మోకాలి దాకా వచ్చే రబ్బరు బూట్లు, మంచి టార్చిలైటు, పాము కొక్కెం కొన్నాం. బూట్లు ఆయన వేసుకోడు. "కాలికి మన్ను తగలకపోతే నాకేం తెలుస్తాది?" అంటాడు. పెద్దగా పోట్లాడి, రాత్రిపూట వేసుకోవడానికి ఒప్పించాం. ఆయనకు అటవీశాఖ గుర్తింపు కోసం అర్జీ పెట్టాలని అక్కే చెప్పింది. ఆ అర్జీ ఇప్పుడు ఆమె సంచిలో మామ పేరు రాసిన కవరులో ఉంది, ఇంకా జవాబు రాలేదు.

ఇంకో పని ఒక బడిలో జరిగింది. మాలో టీచరుగా ఉన్నవాడు హెడ్మాస్టరును ఒప్పించి మామను ఒక శనివారం క్లాసుకు పిలిచాడు. మామ గేటు దగ్గరే చెప్పులు విడిచాడు. కుర్చీ వేస్తే అంచున కూర్చున్నాడు, కాసేపటికి లేచి నిలబడి చెప్పడం మొదలుపెట్టాడు. నాలుగు విషప్పాముల సంగతి, జెర్రిపోతును ఎందుకు చంపకూడదో, ఒక్క జెర్రిపోతు పొలంలో ఉంటే ఎన్ని ఎలుకలు తగ్గుతాయో చెప్పాడు. గంట కొట్టినా పిల్లలు లేవలేదు. ఊళ్ళో పెద్దింటి పిల్లవాడొకడు, వాళ్ళింట్లోనే మామ రెండేళ్ళ కిందట నాగుపామును పట్టాడు, చేయెత్తి, "సార్, పాముకు చెవులుంటాయా?" అని అడిగాడు.

మామ వెనక్కి తిరిగి చూశాడు, సార్ ఎవరా అని. తననే అని తెలిశాక కొంచెంసేపు మాట రాలేదు. తరువాత నేలమీద చేతిని ఆనించి చూపించాడు. "బయటికి చెవుల్లేవు నాయనా. మనం నడిస్తే భూమి అదురుతాది గదా, ఆ అదురు దానికి ఒళ్ళంతా తెలుస్తాది. అందుకే రాత్రి పొలానికి పొయ్యేటప్పుడు కట్టె నేలకు గట్టిగా కొట్టుకుంటా పో. దాని దావన అది పోతాది."